రిబ్బన్ రిహార్సల్

ఆ ఆదివారం పొద్దున సుమిత్రమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం గజ్వేల్ నుంచి రైస్ మిల్లు ప్రభాకర్ వస్తాడు, తానిచ్చిన మంచినీళ్ల మిషన్‌కు రిబ్బన్ కత్తిరిస్తాడు. మెడలో దండ పడి ఆయన మనసు మెత్తబడగానే, పై అంతస్తుకూ ఒక మిషన్ కావాలని ఆమె అడుగుతుంది. అంతే.

సిద్దిపేట శివారులోని ఆ బాలికల గురుకులానికి ఆమె వార్డెన్. మూడంతస్తుల హాస్టల్లో తాగే నీళ్లు దొరికేది కింద ఒక్కచోటే. పై అంతస్తు పిల్లలు మెట్లు దిగలేక సాయంత్రమైతే నీళ్లు తాగడమే మానేసేవారు. కిందటి నెల ఏడో తరగతి వినీత కళ్లు తిరిగి పడిపోతే, దవాఖానలో డాక్టరు "పిల్లలకు నీళ్లు తాపుతలేరా మేడమ్?" అని అడిగాడు. సుమిత్రమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా ఏం లాభం? కొత్త మిషన్ వచ్చి, కింద బిగించి వారం దాటినా, దాత చేతుల మీదుగా ప్రారంభం కాలేదు కాబట్టి, దానికి ఎర్ర రిబ్బన్ కట్టి పిల్లలను దగ్గరికి రానివ్వకుండా కాపలా కాస్తున్నదీ ఆమే. ఆ సంగతికి ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

ఏ లోటూ జరగకూడదని ఉదయమే రిహార్సల్ పెట్టింది. ప్రభాకర్ స్థానంలో నిలబడడానికి ఒక పెద్దమనిషి కావాలి. మనవరాలు వినీతను చూడడానికి అక్కన్నపేట నుంచి మొదటి బస్సుకే వచ్చిన బుచ్చిరాములు, తెల్ల పంచెలో కంటపడ్డాడు. ఆమె ఆయన మెడలో దండ వేయించి, చేతికి కత్తెర ఇచ్చి, రిబ్బన్ ముందు నిలబెట్టింది. కత్తిరించవద్దని మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తోచలేదు మరి. జన్మంతా తాటిచెట్లెక్కి కల్లు గీసిన చేయి అది, పదునైనది ఇస్తే ఊరికే పట్టుకుని నిలబడడం దానికి అలవాటు లేదు. రిబ్బన్ తెగింది.

పిల్లలు చప్పట్లు కొట్టి, సీసాలతో మిషన్ మీద పడ్డారు. ఆపడానికి చేయెత్తిన సుమిత్రమ్మ, గటగటా తాగుతున్న వినీతను చూసి చేయి దించేసింది.

రిబ్బన్‌ను మళ్లీ ముడివేసి సర్దేద్దామనుకునే లోపు, ఆటల టీచరు సంహిత, అది తెగుతుండగా తీసిన ఫోటోను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. అది అక్కన్నపేట చేరేసరికి మిషన్ ఇచ్చినవాడు బుచ్చిరాములే అయిపోయాడు. ఫోన్ల మీద ఫోన్లు. ఆయన కాదు మొర్రో అంటే, చేసింది చెప్పుకోని పెద్ద మనసన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరి గీత కార్మిక సంఘం శాలువాతో, డప్పులతో దిగింది. అధ్యక్షుడు ఉప్పలయ్య ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి, ఉపన్యాసం అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రభాకర్ కారు గేటు దాటి వచ్చింది. చూస్తే ఆయన కోసం తెచ్చిన దండ ఇంకొకరి మెడలో ఉంది, ఆయన ఇచ్చిన మిషన్ ఇంకొకరి పేరు మీద నడుస్తోంది.

"గీయనెవరు మేడమ్?" అన్నాడు మొహం మాడ్చుకుని.

సుమిత్రమ్మ పై అంతస్తు మీద ఆశ వదిలేసుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆమె మాట పూర్తికాక ముందే బుచ్చిరాములు లేచి, శాలువా తీసి ప్రభాకర్ భుజాల మీద కప్పాడు.

"తప్పు నాదే సారు. కత్తెరిస్తే కోసిన. నా మనుమరాలు పైన ఉంటది, నీళ్లకు కిందికి రాలేక దవాఖాన పాలైంది. గిప్పుడు మీ పుణ్యాన కిందనన్న మంచి నీళ్లు తాగింది."

ప్రభాకర్ శాలువా సవరించుకున్నాడు. ఉప్పలయ్యకు మాత్రం కంగారు పుట్టింది. ఇంత డప్పు కొట్టించి ఉత్త చేతులతో ఊరికి పోతే సంఘం పరువేం కావాలి? పై అంతస్తుకు మిషన్ మేమిస్తున్నామని అక్కడికక్కడే ప్రకటించాడు. డప్పులు మళ్లీ మోగాయి. ఆ మోత మిల్లు యజమాని చెవికి ఇంపుగా అనిపించలేదు. తన పైన ఇంకొకరి పేరు ఉంటుందనుకున్నాడో ఏమో, నడిమి అంతస్తు కూడా తనదేనన్నాడు.

నెల తిరక్కుండానే రెండు మిషన్లూ వచ్చాయి. ఈసారి సుమిత్రమ్మ ఎవరి రాక కోసమూ ఆగలేదు. బిగించిన రోజే పిల్లలు తాగారు, రిబ్బన్లు తర్వాత తీరిగ్గా తెగాయి. తన మంచం పక్కన నిండు సీసా పెట్టుకుని చదువుకుంటున్న వినీతను చూసి ఆమెకు కడుపు నిండిపోయింది.

ఆ రిబ్బన్ల ఫోటోలు చూసి సిద్దిపేట బట్టల షాపు భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. తానూ ఒక మిషన్ ఇస్తానని, ఏ అంతస్తు ఖాళీగా ఉందో చెప్పమని అడిగాడు.

"అంతస్తులు అయిపోయినయి సార్, ఇంకోటి మీరే కట్టియ్యుండ్రి" అంది సుమిత్రమ్మ.