నెత్తురు చూసే బడి

రోగం రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, వచ్చిందని చెప్పడానికి మాత్రం సర్కారు అనుమతి కావాలి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఈ సంగతి పల్నాడంతటికీ బాగా తెలిసొచ్చింది. చలిజ్వరానికి మందైన క్వినైను రావలసిన దేశాలు శత్రువు చేతిలో పడ్డాయి. మిగిలిన కాస్త మందునూ నరసరావుపేట డిపోలో పెట్టి తాళం వేశారు. ఒంట్లో చలిజ్వరం పురుగు ఉందని చీటీ తెచ్చినవాడికే మాత్రలు. చీటీ ఇవ్వాలంటే నెత్తురు చూడాలి. నెత్తురు చూడాలంటే చూడటం వచ్చినవాడు కావాలి. అట్లాంటివాళ్ళు లేరు కాబట్టి, వాళ్ళను తయారుచేసే బడి ఒకటి తెరిచారు. (ఈలోగా రోగులు ఓపిక పట్టవలసిందని దండోరా వేయించారు. కొందరు పట్టారు. పట్టలేనివాళ్ళను నలుగురు మోసుకెళ్ళారు.)

బడి పెట్టింది నరసరావుపేటలోనే, ఒక పాత పొగాకు గోడౌనులో. లోపలికి అడుగుపెట్టినవాడు ముందు తుమ్మాలి, తరవాత నేర్చుకోవాలి. పంతులుగా సుబ్బరామయ్యను వేశారు. ఆయన ఈ విద్య నేర్చుకోవడానికి మద్రాసు వెళ్ళొచ్చిన మనిషి. ఆయన వెళ్ళేసరికి అక్కడి మైక్రోస్కోపులన్నీ పట్టాళం వాళ్ళు పట్టుకుపోయారు. అందుకని అవి ఉండే బీరువాను చూపించి, అవి ఎట్లా ఉండేవో నోటితో చెప్పి, నేర్పినట్టు కాగితం రాసిచ్చి పంపారు. రానివాడు నేర్పకూడదని రూలు ఉంది. కాగితం ఉన్నవాడికి రాదని చెప్పే రూలు మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

కొన్నాళ్ళకు బడికి సొంత మైక్రోస్కోపు వచ్చింది, కొయ్యపెట్టెలో గడ్డి మధ్య పడుకుని. పెట్టె తాళంచెవిని సుబ్బరామయ్య మొలతాడుకు కట్టుకున్నాడు. అద్దంలో కన్ను పెట్టే హక్కు పంతులుది, విద్యార్థులు పక్కన నిలబడి వినాలి అని మొదటి పాఠంలోనే తేల్చి చెప్పాడు. విద్యార్థి చూపు పచ్చిది, అద్దం మీద పడితే అద్దం చెడుతుందట.

అట్లా పాఠాలు సాగాయి. ఎవరిదో వేలు పొడిచి, నెత్తుటి చుక్కను గాజుపలక మీద పూసి, రంగునీళ్ళు పోసి, ఆరబెట్టి ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఆయన ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో చూసి, "లేదు" అనేవాడు. తరగతి తరగతంతా "లేదు" అని రాసుకునేది. చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్న మనిషిని చూసినా అదే మాట. ఉంది అనాలంటే ఎట్లా ఉంటుందో తెలియాలి. లేదు అనడానికి అంత చదువు అక్కర్లేదు.

ఆ తరగతిలో దయామణి అనే పిల్ల ఉండేది. కారంపూడి మిషన్ బడి పంతులు జ్ఞానయ్య కూతురు. మిగతావాళ్ళు నౌకరీ కోసం వచ్చారు, ఆమె వాళ్ళమ్మ కోసం వచ్చింది. తల్లి ఫిలోమినాకు దినం తప్పి దినం జ్వరం. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వణుకు మొదలయ్యేది. ఇంట్లో దుప్పట్లన్నీ కప్పి, పైన జ్ఞానయ్య చేతులతో అదిమి పట్టుకున్నా మంచం ఊగేది. చూడటం నేర్చుకుంటే అమ్మ నెత్తురు తనే చూసి చీటీ రాయొచ్చని దయామణి అనుకుంది. బడి అంటే నేర్పేదని అనుకునే వయసు.

ఒకరోజు ధైర్యం చేసి సుబ్బరామయ్యను అడిగింది. ఆయన కోప్పడలేదు. విద్యార్థుల చుట్టాల నెత్తురు చూస్తే పక్షపాతం కిందికి వస్తుందనీ, పైగా వాళ్ళమ్మ కారంపూడిలో ఉండి నెత్తురు ఒక్కటే నరసరావుపేట రావడం పద్ధతి కాదనీ నెమ్మదిగా నచ్చజెప్పాడు. మనిషి స్వయంగా రావాలి, అందరిలాగా వరసలో నిలబడాలి. అప్పుడు ఆమె చుట్టం కాదు, రోగి.

ఈ మాటలు నడుస్తుండగానే దసరా వచ్చింది. మిల్లుల్లో యంత్రాలకూ, బస్సుకూ, కుట్టుమిషనుకూ పూజ చేసేటప్పుడు మైక్రోస్కోపు ఏం పాపం చేసిందని సుబ్బరామయ్య దాన్ని బల్ల మీద నిలబెట్టి పూలదండ వేశాడు. కొబ్బరికాయ కొట్టాడు. బొట్టు ఎక్కడ పెట్టాలన్నది కాసేపు తేలలేదు. చూసే వస్తువుకు కన్నే మొహం గనక, పైఅద్దం మీద నిండుగా కుంకుమ పెట్టాడు. మర్నాడు పాఠం ఉంది గదా అని వేలితో పైపైన తుడిచాడు. దయామణి దూరంగా నిలబడి, తనకిచ్చిన కొబ్బరిముక్క తిని వెళ్ళిపోయింది.

మర్నాడు సుబ్బరామయ్య కన్ను పెట్టి, చాలాసేపు పైకి లేవలేదు. లేచాక తరగతి వైపు తిరిగాడు. "ఇదుగో, ఇదే. ఎర్రగా, గింజ గింజగా" అన్నాడు. తరగతంతా రాసుకుంది. ఇంకో పలక పెట్టారు. అందులోనూ ఉన్నాయి. పది మందివి చూస్తే పది మందికీ ఉన్నాయి. తన జన్మలో మొదటిసారి ఏదో కనిపించిన ఆనందంలో ఆయన పొద్దుగూకిందాకా చీటీలు రాస్తూనే కూర్చున్నాడు.

సంగతి ఊళ్ళన్నీ పాకింది. గోడౌను ముందు జనం బారులు తీరారు. రద్దీ పెరిగింది కాబట్టి సుబ్బరామయ్య వరుసక్రమం ఏర్పాటు చేశాడు. శిస్తు కట్టేవాళ్ళ నెత్తురు ముందు, కౌలువాళ్ళది తరవాత, కూలివాళ్ళది ఆ తరవాత. బడిపంతుళ్ళ కుటుంబాలు ఏ కోవకు వస్తాయో తేలేదాకా చివర. చిలకలూరిపేట నుంచి జిన్నింగు మిల్లు యజమాని నాగభూషణం బండ్లు కట్టించుకుని వచ్చాడు. ఆయనకూ, భార్యకూ, బావమరుదులకూ, గుమాస్తాకూ అందరికీ రోగం ఉన్నట్టు తేలింది. వాళ్ళలో ఒక్కరికీ జ్వరం లేదు. వచ్చినప్పుడు వేసుకుందామని మాత్రలు మూట కట్టుకుని సంతోషంగా ఇంటికి వెళ్ళారు.

దయామణి కబురు పెడితే ఫిలోమినా బొగ్గుతో నడిచే బస్సెక్కి, కొండ్రముట్ల దగ్గర అది ఆగిపోతే దిగి నడిచి, మళ్ళీ ఎక్కి వచ్చింది. వరస చివర చెట్టునీడలో కూలబడింది.

"ఏమే, అందరికీ ఉందంటున్నారు. నాకూ ఉంటదంటావా?"

"ఉంటది లేమ్మా. ఇంతమందికి ఉన్నప్పుడు నీకు లేకుండా ఎందుకు పోతది" అంది దయామణి. తల్లి ఒంట్లో రోగం ఉండాలని ఆ రాత్రి మోకాళ్ళ మీద ప్రార్థన కూడా చేసింది.

ఈలోగా డిపో ఖాళీ అవుతోందని గుంటూరు నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పేరు రాజారత్నం, హోదా జిల్లా రోగగణన ఉప తనిఖీదారు. బండి దిగుతూనే ఇదంతా మోసమని కేకలేసి, తన వేలు తనే పొడుచుకుని నెత్తురు ఇచ్చాడు. ఆయనకూ ఉందని తేలింది. కేకలు ఆగిపోయాయి. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది, పొద్దుపోయేసరికి వణుకు కూడా వచ్చింది. కంబళి కప్పుకుని బంగళాలో పడుకున్నాడు. (జ్వరం కూడా హోదా గలవాళ్ళ మాట వింటుంది.)

అధికారి తెల్లవారి మళ్ళీ వస్తాడని బంట్రోతు అబ్దుల్ జబ్బార్‌ను గోడౌను శుభ్రం చెయ్యమన్నారు. జబ్బార్ నేల కడిగాడు, బూజు దులిపాడు, బల్లలు తుడిచాడు. మైక్రోస్కోపు కూడా బల్ల మీదే ఉంది కాబట్టి దాన్నీ తుడిచాడు. తుడిచిన తెల్లగుడ్డను ఎర్రమరకతో కిటికీలో ఆరేశాడు.

రాజారత్నం నెత్తురు మళ్ళీ చూశారు. గింజల్లేవు. పాత పలకలన్నీ తీసి చూశారు. ఎవరికీ లేవు. సుబ్బరామయ్య తలెత్తి కిటికీ వైపు చూశాడు. రాజారత్నం కూడా అటే చూశాడు. అక్కడ ఎర్రమరక గుడ్డ ఆరుతోంది. తాలూకా మందంతా కుంకుమకు పంచిపెట్టామని ఒప్పుకోవడం ఒక దారి. రోగాన్ని తరిమికొట్టామని చెప్పుకోవడం ఇంకో దారి. చదువుకున్నవాళ్ళు గనక ఎక్కువ ఆలోచించలేదు. శిక్షణ బలం వల్ల పల్నాట చలిజ్వరం అంతరించిందని ఆ పూటే పైకి కబురు వెళ్ళింది.

ఇంత గొప్ప పని చేసిన తరగతికి పరీక్ష పెట్టకపోతే బాగుండదని రాజారత్నం అన్నాడు. విద్యార్థులు మొదటిసారి, చివరిసారి అద్దంలో కన్ను పెట్టాలి. ఉంది, లేదు, ఏదో ఒకటి చెప్పాలి. పంతులు చెప్పిందానితో కలిస్తే పాసు. పాసైనవాళ్ళకు చీటీ రాసే అధికారం. పరీక్షకు పలక కావాలి కాబట్టి వరసలో మిగిలిపోయిన మనిషి వేలు పొడిచారు. ఆ మిగిలిన మనిషి ఫిలోమినా. పలక పూసి, అంచున పేరు రాయమని దయామణికే పురమాయించారు. చుట్టరికం రూలు ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక్కొక్కరే కన్ను పెట్టారు, "లేదు" అన్నారు, పక్కకు తప్పుకున్నారు. దయామణి వంతు వచ్చింది. గుమ్మం బయట బల్ల మీద తల్లికి వణుకు మొదలైంది, బల్లకాళ్ళు నేలమీద కొట్టుకుంటున్న చప్పుడు లోపలికి వినపడుతోంది. లేదంటే తను పాసవుతుంది, అమ్మకు రోగం ఉండదు. ఉందంటే తను తప్పుతుంది, తప్పినవాళ్ళ మాటకు మందు రాదు.

"ఉందండీ" అంది.

"ఏంది ఉంది? ఎర్రగింజలు కనపడ్డాయా?" అన్నాడు సుబ్బరామయ్య.

"ఎర్రవి లేవు. ఊదారంగులో ఏందో ఉన్నాయి, సన్నని చెవిపోగుల్లాగా. అవేందో నాకు తెలవదు. మీరు చెప్పలేదు."

"తెలవకుండా ఉందని ఎట్టా అంటావమ్మాయ్?"

"బయట మా అమ్మ వణుకుతా ఉంది, చూడండి మేష్టారూ."

"వణుకు పరీక్షలో లేదు." ఆయన గొంతులో కాస్త జాలి కూడా ఉంది. "నువ్వు చూశావు, కాదన్ను. నేర్పినట్టు చూడలేదు."

దయామణి ఒక్కతే తప్పింది. తల్లిని మళ్ళీ బొగ్గు బస్సెక్కించి కారంపూడి తీసుకుపోయింది. దినం తప్పి దినం రావలసిన జ్వరం, తాను అంతరించినట్టు తెలియక, వేళకు వస్తూనే ఉంది. క్రిస్మస్‌కు ముందే ఫిలోమినా పోయింది. ఎండలు ముదిరేసరికి అదే వణుకు జ్ఞానయ్యకు పట్టుకుంది. గుంటూరు డిపోకు కొత్తగా మందు వచ్చిందనీ, పాసైనవాళ్ళ సంతకం ఉంటే ఇస్తున్నారనీ తెలిసి, దయామణి మళ్ళీ నరసరావుపేట బడిలో చేరింది. (రోగమే లేనప్పుడు బడి ఎందుకని అడిగినవాళ్ళు లేకపోలేదు. లేదని చెప్పేవాళ్ళు కావాలి గదా అని పైనుంచి జవాబొచ్చింది.)

మొదటి రోజే సుబ్బరామయ్య సొరుగులోంచి దూదిలో చుట్టిన గాజుపలక ఒకటి జాగ్రత్తగా తీశాడు. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి మాదిరి పలకలు చూపించవచ్చని ఆ ఏడు రూలు సడలించారట. "ఏ రోగమూ లేని మనిషి నెత్తురు ఇట్టా ఉంటది. బాగా గుర్తు పెట్టుకోండి" అని, పాత విద్యార్థి గదా అని ముందు దయామణిని పిలిచాడు. పలక అంచున ఆమె చేత్తో రాసిన అక్షరాలే ఉన్నాయి. ఫిలోమినా, కారంపూడి.

దయామణి వంగి కన్ను పెట్టింది. చెవిపోగులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఎట్టా ఉందమ్మాయ్?"

"ఆరోగ్యంగా ఉందండీ" అంది.

ఆ ఏడు ఆమె అందరికన్నా ముందు పాసైంది. ఆ సాయంత్రమే, నెత్తురు చూడకుండా, ఉందని రాసి నాయన చీటీ మీద సంతకం పెట్టింది. మాత్రలు వచ్చాయి, జ్ఞానయ్య లేచి తిరిగాడు. మాచర్లలో కొత్త బడి తెరిచినప్పుడు, చూడటం నేర్పడానికి సర్కారువారు ఆమెనే పంతులమ్మగా పంపారు.