అడవి గ్రూపులో ఒట్టు

ఒక పెద్ద అడవిలో, సిగ్నల్ బాగా అందే గుట్ట పక్కన, పట్టాభి అనే ఉడుము ఉండేవాడు. అడవిలోకి సెల్‌ఫోన్లు ఎలా వచ్చాయని అడగకండి. మన ఇళ్లలోకి ఎలా వచ్చాయో అలాగే వచ్చాయి. రాగానే జంతువులన్నీ ‘అడవి బంధువులు’ అని ఒక గ్రూపు పెట్టుకుని, పట్టిన పని వదలడన్న పేరుంది కదాని పట్టాభిని అడ్మిన్‌ని చేశాయి.

పట్టాభికి నీతి అంటే ప్రాణం. పేరు కింద ‘సాత్వికుడు, అహింసావాది’ అని రాసుకున్నాడు. ఎవరూ చూడకుండా తినే కౌజుపిట్ట గుడ్లని మాత్రం హింస కింద జమకట్టేవాడు కాదు. అబద్ధమంటే అతనికి ఒళ్లు మంట. గ్రూపులో చూస్తే అబద్ధం తప్ప ఇంకోటి ఉండేది కాదు. వడదెబ్బ తగలకుండా దున్నపోతు పేడ పూసుకోవాలని ఎవరో పెడితే, వారం రోజులు అడవంతా ముక్కు మూసుకుని తిరిగింది.

పేడ ఆరకముందే పట్టాభి కొత్త రూలు పెట్టాడు. ఇకమీదట ప్రతి మాటా ‘గుట్టదేవర మీద ఒట్టు’ అని మొదలవ్వాలి. ఒట్టేసి అబద్ధమాడితే కళ్లు పోతాయి. ఒట్టేసిన మాటని శంకిస్తే దేవరని శంకించినట్టే, గ్రూపులోంచి తీసేస్తారు.

మూడు రోజులు గ్రూపు చడీచప్పుడు లేకుండా పడి ఉంది. రోజూ దేవుడి బొమ్మతో శుభోదయం పెట్టే పునుగుపిల్లి సుగంధి కూడా మానేసింది. ఉదయం శుభమో కాదో సాయంత్రం దాకా తెలియదు, ముందే ఒట్టెలా వేయమంటారని అడిగింది. పట్టాభి ఆనందానికి హద్దు లేదు.

నాలుగో రోజు గోవర్ధనం అనే నక్క నోరు విప్పాడు. “గుట్టదేవర మీద ఒట్టు. పులి మాంసం మానేసిందని విన్నాను.”

వాడి కళ్లు ఎప్పుడు పోతాయా అని అందరూ పొద్దుగూకేదాకా చూశారు. పోలేదు. విన్నానన్నాడు, విన్నాడు. వాడి నోరు అన్నది వాడి చెవి విన్నది, అంతే.

సుగంధి వంశం తరతరాలుగా దేవరకి పునుగు సమర్పించే వంశం. అందుకని ధర్మసందేహాలు ఆమె దగ్గరికే వెళ్లేవి. ఆమె ఆలోచించి తేల్చింది. “మనకొచ్చింది పంపితే ఆ ఒట్టు మనది కాదు, మొదట రాసినవాడిది. వాడి సంగతి దేవరే చూసుకుంటాడు.”

ఇంకేముంది, ఒట్లు వెల్లువెత్తాయి. సాయంత్రానికల్లా పులి దీక్ష పట్టింది. మర్నాటికి మెడలో తులసిమాల వేసుకుంది. ఆ పై రోజుకి, శుక్రవారం నల్లబండ దగ్గర దర్శనమిస్తుందనీ, పిల్లలతో సహా వెళితే పుణ్యం రెట్టింపనీ తేలింది. చీమలు తినే అలుగు పొలుసయ్య ఒక్కడే, ఎవరైనా కళ్లారా చూశారా అని అడిగాడు. పాపం పట్టాభికి మనసొప్పలేదు. కానీ రూలు తనదే కాబట్టి పొలుసయ్యని తీసేశాడు.

గురువారం మిట్టమధ్యాహ్నం గుడ్ల కోసం నల్లబండ వైపు వెళ్లిన పట్టాభి, పొద చాటున బిగుసుకుపోయాడు. పులి ఎముక కొరుకుతోంది. మెడలో మాల దురద పెడుతోందని విసుక్కుంటోంది. పక్కన గోవర్ధనం మోకాళ్లు ఒత్తుతున్నాడు.

“పరిగెత్తలేకపోతున్నానని బెంగెందుకు పెద్దాయనా? రేపు వాళ్లే నడిచొస్తారు. నాకు తలకాయలు వదిలితే చాలు.”

పట్టాభికి వెంటనే గుర్తొచ్చింది తన ఇంటి పక్క పొదలో ఉండే కుందేలు అచ్చమ్మ. ఒకసారి అతని తోక బండ కింద ఇరుక్కుంటే, రోజంతా మట్టి తవ్వి బయటికి లాగింది ఆమే. నలుగురు పిల్లలు. రేపటి దర్శనానికని పొద్దున్నుంచీ వాళ్ల ఒళ్లు రుద్దుతోంది.

ఇంటికి పరిగెత్తుకొచ్చి, వెళ్లొద్దు, పులి ఎముక కొరుకుతోంది, ఒట్టు, అని గ్రూపులో పెట్టాడు. ఒట్టు చివర వేశారు కాబట్టి చెల్లదంది సుగంధి. మళ్లీ ముందు వేసి పెట్టాడు. అటు నూరు ఒట్లున్నాయి, ఇటు ఒకటే ఉంది, ఎక్కువమంది మాటే దేవర మాట అంది సుగంధి.

పట్టాభి ఉరుకులు పరుగులతో అచ్చమ్మ దగ్గరికే వెళ్లాడు. నా కళ్లతో చూశానమ్మా అన్నాడు.

“అన్నయ్యా, నువ్వొక్కడివి చూశానంటున్నావు. నాకు ముప్పై మంది ఒట్టేసి పంపారు. అంతమందీ అబద్ధమాడతారా? అయినా మండుటెండలో నల్లబండ దగ్గర నీకేం పని?”

గుడ్ల కోసమని చెప్పలేక పట్టాభి నీళ్లు నమిలాడు. అచ్చమ్మకి అనుమానం గట్టిపడింది. పిల్లలు నలుగురూ రేపు ఎవరు ముందు పులిని ముట్టుకోవాలా అని తగువులాడుకుంటున్నారు. అది చూసి అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చివరికి ఒక కన్ను మూసుకుని, కనీసం అదైనా మిగులుతుందేమోనని, జన్మలో మొదటిసారి ఇలా రాశాడు.

“గుట్టదేవర మీద ఒట్టు. నాకొచ్చింది పంపుతున్నాను. శుక్రవారం నల్లబండ దగ్గరికి వెళ్లినవాళ్ల తోకలు రాలిపోతాయట. పదకొండుమందికి పంపండి. పంపకపోతే ఇంట్లో ఉన్నా రాలిపోతాయి.”

ఫోను కింద పెట్టేలోపే అదే మాట పద్నాలుగుమంది దగ్గర్నుంచి అతనికే తిరిగొచ్చింది. అచ్చమ్మ రొప్పుతూ వచ్చి, నా పిల్లల తోకలు అసలే బొటాబొటిగా ఉన్నాయి అన్నయ్యా, మేం వెళ్లడం లేదు, నువ్వు పదకొండుమందికీ పంపావా అని అడిగింది. పంపానమ్మా అన్నాడు పట్టాభి.

శుక్రవారం నల్లబండ దగ్గరికి వెళ్లింది గోవర్ధనం ఒక్కడే. అబద్ధం ఎలా వండుతారో తెలిసినవాడు గనక వాడికి తోక భయం లేదు. పులి మధ్యాహ్నం దాకా ఆకలితో ఎదురుచూసింది. ఆ తర్వాత ఎదురుచూడలేదు.

శనివారం ఆ దారిన పోతున్న కాకికి బండ మీద తోక ఒక్కటే కనబడింది. ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. రాలిన తోకని చూసి అడవంతా దణ్ణం పెట్టుకుంది. పట్టాభి వాక్కు ఫలించిందని సుగంధి ప్రకటించింది. పట్టాభి ఆ సందడిలోనే పొలుసయ్యని మళ్లీ గ్రూపులో చేర్చాడు. వాడు రాగానే, తోక సరే, తక్కిన నక్క ఏదని అడిగాడు. ఈసారి అందరూ కలిసి తీసేయించారు.

పట్టాభి సెలయేటికి వెళ్లి నీళ్లలో చూసుకున్నాడు. రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు నల్లబండ పక్కనుంచే రావాల్సొచ్చింది. అటూ ఇటూ చూసి, రెండు చేతులతో తోక గట్టిగా పట్టుకుని మరీ దాటాడు.

నీతి: నిజం చెప్పడానికి ఒక్కడు చాలు, దాన్ని నమ్మించాలంటే మాత్రం పదకొండుమందికి పంపమనాలి.