బోర్నియోకి వెళ్లాల్సిన ఓనరు

ఈ దేశంలో కాగితం అడగనంతవరకు ప్రతి మగవాడూ యజమానే. అయితే కాగితం అడిగే రోజు ఒకటి వస్తుంది. గుడివాడకి ఆ రోజు కిందటి వేసవిలో, బోర్నియో మీదుగా వచ్చింది.

మీనకేతన ఆక్వా ఫీడ్స్ వారు చేపల మేత బాగా అమ్మిన డీలర్లను ఏటా విదేశాలకు పంపుతారు. (మేత కొన్న రైతును పంపరు. తిన్న చేపను మాత్రం పంపుతారు, ఐసు పెట్టెలో.) ఈసారి యాత్ర బోర్నియో దీవికి, రెండు భాగాలు. మొదటి భాగంలో డీలరు వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకి దిగి చేపల్ని చూస్తాడు. రెండో భాగంలో ఏడాది పొడుగునా వాన కురిసే అడవిలో బైనాక్యులర్స్ పట్టుకుని పక్షుల్ని చూస్తాడు. దీని ఉద్దేశం కంపెనీ సర్క్యులర్లో ఉంది: "డీలరు చేపను చేప ఎత్తు నుంచి చూడవలెను. పక్షిని శత్రుభావం లేకుండా చూడవలెను."

రెండోది కష్టం. నందివాడ చెరువుల మీద పక్షి వాలితే టపాకాయ పేల్చడమే మనం ఇన్నాళ్లూ చేసిన వన్యప్రాణి సందర్శనం.

గుడివాడ నుంచి ఎంపికైన సంస్థ శ్రీ పుష్పా ఏజెన్సీస్. దాని ఓనరు దుర్గాప్రసాద్ గారు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికన్నా బాగా ఆయనకి తెలుసు.

ఆయన వెంటనే ఏర్పాట్లలో దిగారు. పూల చొక్కాలు కొన్నారు. ఈత రాదు కనుక రైతు బసవయ్య చెరువులో నీళ్లు అలవాటు చేసుకుందామని నందివాడ వెళ్లి, కళ్లకి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని మెడలోతు నీళ్లలో మునిగి కూర్చున్నారు. నీటి మీద నల్లటి గొట్టం కదలడం చూసి, కాపలావాడు నీటికాకి అనుకుని టపాకాయ విసిరాడు.

"కుర్రాడు కాపలా బాగానే కాస్తున్నాడు బావా" అన్నాడు బసవయ్య, ఆయన్ని గట్టు మీదికి లాగుతూ. "నువ్వే పక్షివైతే ఈపాటికి కొల్లేరు దాటేసేవాడివి."

ఈ సన్నాహాలన్నీ ఆయన భార్య పుష్పావతి గారు వంటింట్లోంచి గమనిస్తూ వచ్చారు. ఆవిడ పుట్టిల్లు మొవ్వ. కాలవలో ఈత నేర్చుకున్న మనిషి. పెళ్లయ్యాక ఆవిడ కోరింది ఒక్కటే. బందరు వెళ్లి, మంగినపూడి బీచిలో ఒక సాయంత్రం కూర్చుని రావాలని. ఏటా అడిగేవారు. ఏటా ఒకటే జవాబు వచ్చేది: "సీజన్లో షాపు ఎవరు చూస్తారు?" (చేపల మేతకి సీజన్ కాని నెలను శాస్త్రజ్ఞులు ఇంకా కనిపెట్టవలసి ఉంది.)

అప్పుడు కంపెనీ నుంచి ప్రయాణికుల వివరాలు వచ్చాయి. ఒకటో సీటు: శ్రీమతి పుష్పావతి, ప్రొప్రైటర్. రెండో సీటు: సంస్థలో మూడేళ్ల సర్వీసు ఉన్న ఉద్యోగి ఒకరు.

పదకొండేళ్ల కిందట లైసెన్సు భార్య పేరిట తీసుకుంటే పన్ను తగ్గుతుందని ఆడిటరు చెప్పాడు, గ్రహాలు అనుకూలిస్తాయని జ్యోతిష్కుడు చెప్పాడు. ఈ రెండు శాస్త్రాలూ ఒకే మాట చెప్పడం అరుదు కనుక దుర్గాప్రసాద్ గారు ఒప్పుకున్నారు. అప్పటినుంచి ఆయన కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అనడం, ఆవిడ ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో పెట్టడం పద్ధతిగా సాగుతోంది. ఏ కాగితమూ చదివింది లేదు. చదివితే కూర మాడుతుంది.

ఆయన కంపెనీలో ప్రయాణార్హతల ఉప పర్యవేక్షణాధికారి వెంకటపతికి ఫోన్ చేశారు.

"నేనండీ, దుర్గాప్రసాద్‌ని. పుష్పా ఏజెన్సీస్ ఓనర్ని."

"సిస్టంలో మీరు లేరండీ."

"అదేంటండీ, పదకొండేళ్లుగా మీతో మాట్లాడేది నేనేగా. నా గొంతు తెలీదా?"

"గొంతు తెలుసండీ. గొంతుకి పాస్‌పోర్టు ఉండదు కదా."

"నేను ఆవిడ భర్తనండీ బాబూ."

"తొమ్మిదో రూలు చూడండి. బంధుత్వం ప్రయాణార్హతగా పరిగణించబడదు." (కిందటేడు ఒక డీలరు బంధుత్వం కింద పెళ్లివారి బస్సు నిండా మనుషుల్ని విమానాశ్రయానికి తెచ్చాడు. వంటవాళ్లతో సహా.)

"అయితే నాకు దారే లేదంటారా?"

"పదకొండో రూలు ఉందండీ. మీరు ఉద్యోగిగా చేరండి. నమ్మకస్తుడని ప్రొప్రైటర్ గారు రాసిస్తే మూడేళ్ల సర్వీసు సడలిస్తాం. ఆవిడే సెలవు కూడా మంజూరు చేయాలి."

ఆ సాయంత్రం దుర్గాప్రసాద్ గారు తన షాపులో తనకి ఉద్యోగం ఇప్పించమనీ, ఇచ్చిన వెంటనే సెలవు ఇప్పించమనీ దరఖాస్తు రాసి వంటింట్లోకి తీసుకెళ్లారు.

"ఇక్కడ సంతకం పెట్టు."

పుష్పావతి గారు స్టవ్ తగ్గించి, "గౌరవనీయులైన ప్రొప్రైటర్ గారికి" అన్న దగ్గర్నుంచి చదివారు. రెండోసారి కూడా చదివారు.

"ఉద్యోగానికి పెట్టానండీ" అన్నారు కాగితం తిరిగిస్తూ.

"మరి సెలవుకి?"

"సీజన్లో షాపు ఎవరు చూస్తారండీ?"

ఆవిడ వెటకారంగా అనలేదు. ఏళ్ల తరబడి విన్న వాక్యం కనుక తడుముకోకుండా వచ్చింది, అంతే. వాదించడానికి దుర్గాప్రసాద్ గారు నోరు తెరిచారు. కానీ ఆ వాక్యానికి జవాబు లేదని ఈ జిల్లాలో ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు.

రెండో సీటు ఏంజెల్‌కి వెళ్లింది. ఐదేళ్లుగా షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి ఆమె. గల్ఫ్ ఉద్యోగానికని తీసుకున్న పాస్‌పోర్టు ఉంది. పుష్పావతి గారికీ ఉంది. చిరునామా రుజువుకి పనికొస్తుందని ఆడిటరు ఎప్పుడో తీయించాడు. అది ఒక చిరునామా నుంచి బయటికి వెళ్లడానికి కూడా పనికొస్తుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

వాళ్లు వెళ్లిన మూడో రోజు, షాపు ముందు మేత ఆటోలు బారులు తీరి ఉండగా, పుష్పావతి గారు పడవ మీద నుంచి వీడియో కాల్ చేశారు. జుట్టంతా తడిసి ఉంది.

"తాబేలు కనబడిందండీ. నులకమంచమంత ఉంది. ఎదురుగా వచ్చి, నన్ను చూసి, పక్కకి తప్పుకుంది."

"సరేలే. ఈ కంప్యూటర్లో బిల్లు రద్దు చేయడానికి ఏది నొక్కాలి?"

"ఏంజెల్‌కి తెలుసండీ. నీళ్లలో ఉంది."

"పైకి పిలువు."

"పిలిస్తే వినబడదండీ అక్కడ. ఎంత బావుందో."

షాపులో ఆయన వెనక నుంచి బసవయ్య గొంతు వినబడింది. "ఏమయ్యా గుమస్తా, మా మేత సంగతేంటి? మీ ఓనరు గారితో చెప్పమంటావా?"

నాలుగు రోజుల తర్వాత అడవిలోంచి ఇంకో కాల్ వచ్చింది. వాన చప్పుడు, మధ్యలో ఏదో పక్షి అరుపు.

"హార్న్‌బిల్ అంటండీ. కొమ్ములాంటి ముక్కు. ఆడది చెట్టు తొర్రలోకి వెళ్లి, మట్టితో గుమ్మం మూసేసుకుని కూర్చుంటుందట. మగది తిరిగి తిరిగి తిండి తెచ్చి, సందులోంచి అందిస్తుందట."

"ఎన్నాళ్లు?"

"సీజనంతానట."

దుర్గాప్రసాద్ గారు సిగ్నల్ సరిగా లేదన్నారు. (సిగ్నల్ బాగానే ఉంది.)

ఆడవాళ్లిద్దరూ తిరిగొచ్చారు. ఏంజెల్ పాడైన బిల్లులన్నీ ఒక పూటలో సరిచేసింది. పూల చొక్కాలు వేసుకునే సందర్భం లేక ఆయన షాపుకే వేసుకొస్తున్నారు. మళ్లీ అంతా మామూలే అయిందని అనుకుని, ఒక ఉదయం కంపెనీతో డీలర్‌షిప్ పొడిగింపు కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇక్కడ సంతకం పెట్టు."

పుష్పావతి గారు స్టవ్ ఆపేశారు. చేతులు కడిగి, కొంగుకి తుడుచుకున్నారు. అలమర మీద నుంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"అక్కడ పెట్టి వెళ్లండి. చదివి చెప్తాను."

డీలర్‌షిప్ గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఈలోగా ఓనరూ ఏంజెలూ ఒక సాయంత్రం బస్సెక్కి మంగినపూడి వెళ్లొచ్చారు. షాపు ఉద్యోగి చూసుకున్నాడు. కాగితం పరిశీలనలో ఉంది.