రాయచూరు బండి

దసరాకు ముందురోజు పొద్దున రాములు వేసుకున్న ఆలోచన చిన్నదే. డీసీఎం బండికి డీజిల్ ఫిల్టర్ మార్చాలి, చాయ్ తాగాలి, భాగ్యమ్మ పొట్టేళ్ళను ఎక్కించుకుని అచ్చంపేటలో దింపాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి బండి కడిగి పసుపు, కుంకుమ పెట్టాలి. పాత ఫిల్టర్ విప్పాడు, కొత్తది బిగించాడు. డీజిల్ చేతులు లుంగీకి తుడుచుకుంటూ, ఇంతటి పనికి మెకానిక్కు దేనికన్నట్టు భార్య వైపు చూశాడు.

జమ్ములమ్మ వాకిలి ఊడుస్తూ తలెత్తలేదు. "కింద కుర్మయ్యన్న షెడ్డున్నది. ఇరవై ఏండ్ల సంది ఆయన చెయ్యి వడ్డ బండి. నీకెందుకు గీ తిప్పలు?"

"ఫోన్ల మొత్తం చూపిస్తున్రు. ఉత్తగ పైసలు వోసుడెందుకు?"

ఈ మాట అతను ఏడాదిగా తెలకపల్లిలో అందరితోనూ అంటున్నాడు. రాములు పిసినారి అయ్యాడని ఊరు నమ్మింది. జమ్ములమ్మ కూడా నమ్మింది.

అసలు సంగతి వేరు. కిందటేడు కుర్మయ్య టైర్లు మార్చి పంపిన రోజు, ఊరు దాటకముందే వెనుక చక్రం ఊగడం మొదలైంది. దిగి చూస్తే నట్లన్నీ వేళ్ళతో తిప్పి వదిలేసినట్టున్నాయి. రాములే బిగించుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒకనాడు షెడ్డుకు పోయి ఊరికే కూర్చున్నాడు. తన ముందరే పడి ఉన్న పానా కోసం కుర్మయ్య నేలంతా తడుముతున్నాడు. అది చేతికి తగిలాక, తాను వెతికింది దాన్ని కాదన్నట్టు, నేల మీది దుమ్మును అరచేత్తో రెండుసార్లు తుడిచాడు. రాములు చూడనట్టే లేచి వచ్చేశాడు.

ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. బావా అంటే బావా అని పిలుచుకుంటూ వచ్చారంతే. రోడ్డు మీద కొత్త దుకాణాలు పడ్డాక కుర్మయ్యకు మిగిలిన గిరాకీ రాములు ఒక్కడే. ఇప్పుడు బండిని ఇంకొకరి దగ్గరికి తోలితే, బావ నా కండ్లను నమ్మలేదన్న మాట కుర్మయ్య గుండెకు తగులుతుంది. కుర్మయ్య దగ్గరికే తోలితే ఏదో ఒకనాడు చక్రం ఊడుతుంది. అందుకని రాములు పిసినారి అయ్యాడు. ఆ షెడ్డు ముందు నుంచి పోకుండా ఏడాదిగా చెరువు వెనుక చుట్టుదారిన తిరుగుతున్నాడు. డీజిల్ ఎంత కాలినా లెక్కచేయని పిసినారి అతను.

చాయ్ ఇంకా పొయ్యి మీదనే ఉండగా భాగ్యమ్మ పొట్టేళ్ళను తోలుకుని వచ్చింది. ఆమె నోటికి ఊళ్ళో ఎదురు లేదు. ఏ ఇంటి గుట్టయినా ఆమె చెవిన పడితే సాయంత్రానికి బస్టాండు చేరుతుంది. పొట్టేళ్ళను తానే బండిలోకి నెట్టించి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

రాములు తాళం తిప్పాడు. బండి మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మూలిగింది.

"ఏంది తమ్మీ, గిట్ల దగ్గుతుంది? దవాఖానకు తోల్కపో."

"జర ఆగక్కా. కొత్త ఫిల్టర్ వేసిన. గుంజుకోనీకె టైమ్ వడ్తది."

"నేనమ్మేది రేపటి పండుగకు. వచ్చేటేడు పండుగకు గాదు."

ఆ మాటకు ఉడుక్కుని అతను తాళం వదలకుండా తిప్పాడు. బ్యాటరీలో ఉన్న ప్రాణం కాస్తా పోయింది. ఇక నెట్టుడు తప్పదు. వీధి నుంచి కిందికంతా దిగుడే. గల్లీలోని మగవాళ్ళు పండుగ ఉషారులో ఉన్నారు. పిలవకముందే వచ్చి భుజాలు ఆనించి, "హైసా" అని ఒక్క నెట్టు నెట్టారు. బండి కదిలింది. రాములు గేరు వేసి క్లచ్ వదిలాడు. బండి ఎగిరెగిరి పడింది గాని అందుకోలేదు. గేరు తీశాడు. అప్పటికే అది దిగుట్లో పడింది. బండి స్టార్టయిందనుకుని నెట్టినవాళ్ళు చేతులు దులుపుకుని చాయ్‌కి పోయారు.

ఇంజిన్ నడవకపోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుందని ఫోన్లో ఎవరూ చెప్పలేదు. రాములు రెండు కాళ్ళతో తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు గుంజాడు. అది ఊడి చేతికొచ్చింది. పోయిన నెలలో దాన్ని బాగుచేసింది కూడా అతనే.

"ఆపు! ఓరి నీ పాడుగాను, ఆపు!" అని భాగ్యమ్మ కేకలు, వెనుక పొట్టేళ్ళ అరుపులు. ఎడమ పక్కన మురుగు మోరీ. కుడి పక్కన పాత టైర్ల కుప్ప. రాములు కుడికి తిప్పాడు. టైర్లు బండిని మెత్తగా పట్టుకున్నాయి. దుమ్ము తేరిపోయాక తలెత్తి చూశాడు. అది కుర్మయ్య షెడ్డు. స్టూలు మీద కుర్మయ్య.

కుర్మయ్య లేచి నిలబడి, బండికి కొంచెం పక్కగా ఉన్న గాలివైపు చూస్తూ అడిగాడు. "ఎవలది బండి?"

ఆ బండిలో కుర్మయ్య విప్పి బిగించని నట్టు లేదు. అది ముక్కు ముందర నిలబడి ఉంటే ఎవరిదని అడుగుతున్నాడు. చూపు మందగించిందనుకున్నాడు గాని, చీకటే అనుకోలేదు రాములు.

నేనే బావా అనొచ్చు. అంటే, ఏమైందని అడుగుతాడు. ఫిల్టర్ ఎవరు వేశారని అడుగుతాడు. నా కాడికి ఎందుకు రాలేదని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఉన్న జవాబు ఒక్కటే. ఎప్పుడో పత్తి లోడ్లకు తిరిగినప్పుడు పట్టుబడిన కన్నడం గుర్తుకొచ్చింది. గొంతు బొంగురు చేసుకుని, "నమ్ది రాయచూర్ రీ" అన్నాడు.

"నీకేం పుట్టింది రా..." అంటూ బండి దిగుతున్న భాగ్యమ్మకు రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆ చేతులను చూసింది. గాలిని చూస్తున్న కుర్మయ్యను చూసింది. ఎవరి గుట్టూ కడుపులో దాచుకోని మనిషి, ఒక్క క్షణం ఆగి గొంతు సవరించుకుంది.

"అవు కుర్మయ్యా. గీ రాయచూరాయన బండి కిరాయికి మాట్లాడుకున్న. నా కర్మ."

"నువ్వా భాగ్యమ్మా? మా రాములు బండి లేకుండెనా?"

"అది కరాబైంది."

"కరాబైందా?" కుర్మయ్య గొంతు మారింది. "మరి నా కాడికి తోలకపాయె. ఎవలు చేస్తున్రు?"

"ఎవలు లేరు. ఫోన్ల జూసి ఆయనే చేసుకుంటుండు."

"మంచిగ చేస్తుండా?"

భాగ్యమ్మ రాములును తల నుంచి కాళ్ళ దాకా చూసింది. నెత్తిమీద డీజిల్, చేతిలో ఊడిన హ్యాండ్‌బ్రేకు. "మస్తు చేస్తుండు" అంది పళ్ళు నూరుతూ.

టైర్లకు తగిలిన కుదుపుకు వెనుక తలుపు ఊడి ఒక పొట్టేలు ఎప్పుడో కిందికి దూకింది. అది షెడ్డులోకి పోయి, పానాల పూజకు కట్టిన బంతిపూల దండ తింటోంది. కుర్మయ్య చెవి రిక్కించాడు. "ఎవలో నములుతున్నరు."

"నా పొట్టేలే" అంటూ భాగ్యమ్మ ఉరికి దాని చెవులు పట్టుకుంది.

కుర్మయ్య నవ్వబోయి ఊరుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, పరాయి మనిషికైతే చెప్పుకోవచ్చన్నట్టు మెల్లగా అన్నాడు.

"రాయచూరన్నా, నువ్వు వోయేటోనివి, నీకు చెప్తే ఏంది. నాకు కండ్లు కానరావు. నీటికాసులంట. ఇగ చూపు రాదని పాలమూరు దవాఖానల ఎప్పుడో చెప్పిన్రు. గప్పుడే షెడ్డు మూద్దామనుకున్న. నా బిడ్డ రజిత వనపర్తికి రమ్మని ఒకటే పోరు. గని మా బావ ఉన్నడు. ఇంకొకని చేతిల బండి వెట్టడు. నేను మూస్తె ఆయన నడిరోడ్డున పడ్తడని, పొద్దుగాల్నే షటర్ లేపుకొని కూసుంటున్న. ఏడాదాయె, రాలె. ఏం కోపమొచ్చిందో తెల్వదు."

బావా అన్న మాట రాములు గొంతు దాకా వచ్చింది. అక్కడ రాయచూరు మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"సరే తియ్యి. బండికేమైంది?"

"ఫిల్టర్ హాకిదె. స్టార్ట్ ఆగ్తిల్ల రీ."

"కొత్త ఫిల్టర్ వేస్తె స్టార్ట్ అయితలేదా? మరి లోపలి ఎయిర్ తీసినవా?"

"గొత్తిల్ల" అన్నాడు రాములు, తెలియదని. పొద్దున్నుంచి అతను తన గురించి ఒప్పుకున్న నిజం అదొక్కటే.

"నా చేతులకు దొరకది. నువ్వే జెయ్యి, నేను చెప్త. ఫిల్టర్ మీద చిన్న నట్టుంటది, జర వదులు జెయ్యి. పక్కపొంటి పంపును వేలితోని ఒత్తు. ఏమొస్తుంది?"

"నొరె."

"నురుగా? ఒత్తు. నురుగు వోయి ఉత్త డీజిల్ వచ్చెదాక ఒత్తు. ఇంజిన్ గాలి మింగింది, అంతే."

ఇన్నేళ్ళలో కుర్మయ్య అతన్ని పానా ముట్టనివ్వలేదు. నువ్వు తోలు, నేను చూస్త అనేవాడు. ఇప్పుడు ఒక్కో మాట చెబుతూ, చేసిన పని సప్పుడు విని తల ఊపుతున్నాడు. నురుగు తగ్గి డీజిల్ తేటగా వచ్చింది. రాములు నట్టు బిగించాడు. షెడ్డు మూలనున్న బ్యాటరీ తెచ్చి తీగలు కలిపాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది.

అందుకున్నాకగాని రాములుకు బుద్ధి రాలేదు. మనిషి గొంతు మార్చుకోవచ్చు. ఇంజిన్ ఎట్లా మార్చుకుంటుంది?

కుర్మయ్య అట్లాగే నిలబడిపోయాడు. చెయ్యి చాచి రెండడుగులు వేసి, బానెట్ దొరికాక దాని మీద అరచెయ్యి పెట్టాడు. తీయలేదు. భాగ్యమ్మ పొట్టేలు మూతిని చేత్తో మూసింది. బండి వణుకుతోంది.

"నట్టు బిగించినవా?"

"హౌదు."

"గట్టిగ?"

"హౌదు రీ." గొంతు ఈసారి తెచ్చిపెట్టుకోకుండానే బొంగురుపోయింది.

"మా బావకు ఎయిర్ తీసుడొక్కటే రాకుండె" అన్నాడు కుర్మయ్య నెమ్మదిగా. "ఇగ గది గూడ వచ్చింది. మంచిదే. పో అన్నా, పొట్టేళ్ళు ఎండకు ఆగవు."

అచ్చంపేట దాకా భాగ్యమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు నోరు మూసుకుందంటే తర్వాత ఎవరూ నమ్మలేదు.

సాయంత్రం రాములు చుట్టుదారి పట్టకుండా షెడ్డు ముందు నుంచే వచ్చాడు. చెప్పాల్సిన మాటలు దారంతా సొంత గొంతుతో పలికి చూసుకున్నాడు. షటర్ దించి ఉంది. తాళం వేసి ఉంది. పక్కింటి గోడ నీడలో స్టూలు బోర్లా పడి ఉంది.

"రజితకు ఆయనే ఫోన్ జేసిండంట" అంది జమ్ములమ్మ, బండి మీద పసుపు రాస్తూ. "మధ్యాహ్నమొచ్చి వనపర్తికి తోల్కపోయింది. మా బావ పని నేర్చుకుండు, ఇగ నాకు రంది లేదన్నడు. నవ్వుకుంటనే బస్సెక్కిండు."

మర్నాడు, పండుగనాడు బావ చేతిలో పెట్టాల్సిన జమ్మి ఆకు పట్టుకుని రాములు ఆ షటర్ దాకా పోయాడు. ఆకు తాళం సందులో పెట్టి వచ్చేశాడు.

పైసలకు ఆశపడి సొంతంగా రిపేరు నేర్చుకుని, కుర్మయ్య షెడ్డు మూయించింది రాములేనని పండుగపూట ఊరంతా అనుకున్నారు. పైసల సంగతి తప్పిస్తే మిగతాదంతా నిజమే కాబట్టి, రాములు ఎవరికీ ఎదురు చెప్పలేదు.