కంట్రోల్ తప్పడానికీ అర్హత ఉండాలి

మనిషికి దొరికిన వరాల్లో అన్నిటికన్నా గొప్పది కంట్రోల్ తప్పడం. నవ్వకండి, సీరియస్‌గానే రాస్తున్నాను.

మావైపు దీనికెన్ని మాటలున్నాయో చూడండి! దిమాక్ ఖరాబైంది. తిక్క లేసింది. బ్రేకులు ఫెయిలైనయ్. కోరుట్లలో ఒకాయన దావత్‌లో తన విస్తట్లో నల్లి బొక్క, అదే మూలుగ ఎముక, పడలేదని కుర్చీ విరగ్గొట్టాడు. "నేనేం జెయ్యాలె? ఫ్యూజ్ ఎగిరిపోయింది!" అన్నాడు. అందరూ తలలూపారు. విరిచింది చేతులు, నేరం ఫ్యూజ్‌ది! ఇంత సుఖం ఇంకెక్కడుంది?

ఈ విద్యలో సిరిసిల్ల రాజేశం సేటు ప్రొఫెసర్. ముప్పై రెండు మరమగ్గాల యజమాని. దారం తెగితే మగ్గం టక్కున ఆగిపోతుంది. సేటు అప్పుడే మొదలవుతాడు.

ఆ మగ్గాల చప్పుడులో మాట వినబడదు. అందుకే పనివాళ్లవన్నీ సైగలే. చెవి పక్కన వేలు దారం చుట్టే కండెలా గిర్రున తిప్పారంటే, సేటు దిమాక్ ఖరాబైందని అర్థం. తలలు వంచుకోవాలి.

పోయిన మంగళవారం వేళ్లన్నీ తిరిగాయి. కండె వదులుగా చుట్టిందని సేటు మగ్గాలన్నీ ఆపించి లసుమవ్వ మీద విరుచుకుపడ్డాడు. పదకొండేళ్లుగా ఆమె ఇల్లు గడిచేది ఆ కండెలతోనే.

"కండ్లు కనవడ్తలేవా? నా దిమాక్ ఖరాబైతే ఏం జేస్తనో నాకే తెల్వది!"

ఫోన్ మోగింది. బట్ట కొనే పెద్ద వ్యాపారి. సేటు బయటికి పరిగెత్తాడు.

"నమస్తే సార్! లేటైంది సార్, తప్పు నాదే సార్! మీరు తిట్టుండ్రి సార్, మీకు హక్కుంది!"

గొంతు పట్టులా జారింది. ఫోన్ జేబులో పెట్టి మళ్లీ లోపలికొచ్చాడు.

"ఆఁ, ఏడిదాంక అచ్చిన?"

"దిమాక్ ఖరాబైన కాడికి అచ్చినవ్ సేటు," అంది లసుమవ్వ. అక్కడితో ఆగలేదు. "ఫోన్ అస్తె మంచిగైతది, మమ్ముల జూస్తె ఖరాబైతది. గిదేం దిమాకయ్యా? ఇగ నాది గూడ ఖరాబైంది!"

చేతిలోని కండెను నేలకేసి కొట్టింది.

"రేపటి సంది పనికి రాకు," అన్నాడు సేటు. చాలా నెమ్మదిగా, పూర్తి కంట్రోల్‌తో.

ఆమె ఇప్పుడు పని కోసం గంభీరావుపేట దాకా తిరుగుతోంది. ఫ్యూజ్ ఎగిరిపోయిందని చెప్పుకుంటే ఎవరూ తల ఊపడం లేదు.

పాపం, ఆమెకు పద్ధతి తెలియదు. ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండానే కంట్రోల్ తప్పింది. మనమంతా చూసుకునే తప్పుతాం కదా!