ఒక పాటకి ఒక అర

శుక్రవారం సాయంత్రం సర్దిన సంచీని ఆవిడ శనివారం పొద్దున మళ్ళీ విప్పి సర్దింది. అడుగున రెండు జతల బట్టలు, వాటి మీద కళ్ళజోడు, దువ్వెన, అన్నిటికీ పైన అక్క కోసం చలికాలమంతా కూర్చుని అల్లిన నీలం స్వెట్టరు. దాని మడత నలుగుతుందేమోనని బయటికి తీసింది. బయట ఉంటే మరిచిపోతానేమోనని లోపల పెట్టింది.

ఆదివారం ఉదయం అక్క ఓడ ఎక్కుతోంది. సముద్రం అవతల ఏదో నాటకశాలలో వేషాలకి దుస్తులు కుట్టే పని దొరికింది. పన్నెండు గంటల రైలు అందుకుంటే సాయంత్రానికి అక్క దగ్గర ఉండొచ్చు. దాని తర్వాతి రైలు ఓడ వెళ్ళిపోయాక గాని చేరదు. ఈ సంగతి ఆవిడ ఇంట్లో వారం రోజులుగా వడ్డించినప్పుడల్లా చెబుతూనే ఉంది.

"పదకొండుకల్లా నన్ను స్కూటరు మీద స్టేషన్లో దింపండి. ఇంకేమీ అడగను."

"దింపుతాలేవే," అన్నాడు భర్త. "అయినా అంత కంగారెందుకు? మీ అక్క మళ్ళీ రాదా ఏం?"

మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళు ఆవిడకి కొందరు తెలుసు. జిప్పు గట్టిగా లాగింది. అది మధ్యలో ఇరుక్కుంది. సంచీని తిట్టింది. తిట్లు సంచీకి కావని భర్తకి అర్థమైనట్టు లేదు.

ఆయనకి కింద గ్రామఫోను రికార్డుల దుకాణం ఉంది, పైన కాపురం. వీధిలో అందరూ ఆయన్ని అరలాయన అంటారు. ఇంట్లో గరిటెలకి కూడా పెద్దవి, చిన్నవి, అనుమానం ఉన్నవి అని మూడు గూళ్ళు చేయించిన మనిషి. దుకాణంలో ఒకటే చట్టం: ఒక పాటకి ఒక అర. ఒకసారి అరలో చేరిన రికార్డు అక్కణ్ణించి కదలాలంటే ఆయనా, ఆయన తమ్ముడూ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్న రోజు అరుదు కాబట్టి ఇంతకాలం దుకాణం నిలబడింది.

ఆ రోజు ఒప్పుకున్నారు.

పంక్ రాక్ అనే అరుపుల సంగీతం ఎక్కడ పుట్టిందన్న విషయం మీద కార్యక్రమం చేస్తానని, దుకాణంలోనే రికార్డు చేసుకుంటానని రేడియో అమ్మాయి కబురు పెట్టింది. పదిన్నరకి వస్తుంది.

"పంక్‌కి ఒక అర ఉండనే ఉంది," అన్నాడు అరలాయన. "దాని పక్కన ఇంకో అర పెట్టి పూర్వీకులని వరసగా నిలబెడదాం. పది నిమిషాల పని."

ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. వంటగదికి రంగు వెయ్యడం కూడా పది నిమిషాల పనే అన్నారు. ఇంకా సగం గోడ అలాగే ఉంది.

మొదట అంతా సవ్యంగానే నడిచింది. తమ్ముడు పదిహేను రికార్డులు తెచ్చాడు.

"వీళ్ళు గ్యారేజీల్లో వాయించుకున్న కుర్రాళ్ళు అన్నయ్యా. మూడే స్వరాలు, అరువు గిటారు, అరుపు సొంతం. పంక్ వీళ్ళ బిడ్డే."

"సరే, పెట్టు."

"మరి వీళ్ళు నేర్చుకుంది పాత రాక్ విని కదా."

"అదీ తే."

"ఆ రాక్‌కి తల్లి దుఃఖంలో పాడుకున్న బ్లూస్ కదా."

"తల్లిని వదిలేసి పిల్లలని నిలబెడితే ఏం బాగుంటుంది? తే."

శనివారం శనివారం వచ్చి, అన్నీ విని, ఏమీ కొనకుండా వెళ్ళే లెక్కల మాస్టారు అప్పటికే స్టూలు వేసుకున్నారు. "రెగే పాడే దీవులవాళ్ళు ఆ పంక్ కుర్రాళ్ళ పక్క వీధిలోనే ఉండేవాళ్ళు. వాళ్ళ మోత వినకుండా పంక్ పెరిగిందా?" అన్నారు.

"అది పూర్వీకుల్లోకి రాదు మాస్టారూ. చుట్టరికంలోకి వస్తుంది."

"అయితే చుట్టాలకి ఇంకో అర పెట్టండి. చుట్టాలని బయట నిలబెడతారా?"

చుట్టాలు వచ్చారు. చుట్టాల వెంట వాళ్ళ చుట్టాలు వచ్చారు. డ్రమ్ము కవాతు బ్యాండులోంచి వచ్చిందని కవాతు అర ఖాళీ అయింది. యజమానిని తిట్టే పాట పొలంలోనే మొదలైందని జానపదం కదిలింది.

"ఏమండీ, పదిన్నర," అంది ఆవిడ మెట్ల మీంచి.

"అయిపోయిందే. ఇంక లాలిపాటలు, ప్రేమపాటలు మాత్రమే మిగిలాయి. వాటికి ఇక్కడ పని లేదు."

"ఎందుకు లేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "పంక్ పుట్టిందే ఆ తియ్యటి పాటల మీద ఒళ్ళు మండి. దేని మీద తిరగబడిందో అది కూడా మూలమేగా."

అరలాయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలో ఉన్న ముఖాన్ని ఆవిడ పెళ్ళైనప్పటినుంచీ చూస్తోంది. సంచీ పట్టెలు చేతికి చుట్టుకుంది.

"నిజమే," అన్నాడు. "తే."

దాంతో దుకాణంలో పంక్‌కి మూలం కాని రికార్డంటూ లేకుండా పోయింది. మేడ మీది సరుకు కూడా దించాలి. బుట్టలు చాల్లేదు. అదే సమయానికి తలుపు గంట మోగింది. తలుపు దగ్గర ఉన్నది తనొక్కతే కాబట్టి ఆవిడ సంచీ మెట్ల మీద పెట్టి వెళ్ళి తీసింది. రేడియో అమ్మాయి. కుర్చీ చూపించి వెనక్కి వచ్చేసరికి మెట్ల మీద సంచీ లేదు. దువ్వెన ఉంది.

ఆవిడ బట్టలు చుట్టాల అర కింద, నేల మీద కుప్పగా ఉన్నాయి. వాటి మీద నీలం స్వెట్టరు. మరిది సంచీ నిండా రికార్డులతో మేడ దిగుతున్నాడు.

"ఒక్క నిమిషం వదినా, ఇవి అసలైనవి, మొదటి అచ్చువి. దించగానే మళ్ళీ సర్దిచ్చేస్తా."

అరలాయన రేడియో అమ్మాయి రికార్డింగు యంత్రంలోకి చరిత్ర చెబుతూనే, తమ్ముడికి చోటు చెయ్యడానికి చుట్టాల అరని ఒక్క జానెడు ముందుకి జరిపాడు. అన్ని తరాల బరువుని మొయ్యడానికి చేసిన అర కాదది. ముందు వంగింది, తర్వాత పూర్వీకుల అరని పట్టుకుంది, ఆపైన రెండూ కలిసి నేల మీదికి వచ్చాయి. మాస్టారు స్టూలుతో సహా పక్కకి దూకారు. దుమ్ము తగ్గాక చూస్తే బట్టలూ లేవు, స్వెట్టరూ లేదు, వీధిలో స్కూటరు దగ్గరికి వెళ్ళే దారీ లేదు. గడియారం పదకొండుంపావు.

రేడియో అమ్మాయి యంత్రం తిరుగుతూనే ఉంది.

"అర పెట్టారు," అంది ఆవిడ. మొదట మెల్లగానే అంది. "గరిటెకి అర పెట్టారు. డప్పుకి అర పెట్టారు. పాట అమ్మ ఎవరో, అమ్మమ్మ ఎవరో మీకు కావాలి. నా తోబుట్టువు రేపు ఓడెక్కుతోందని వారం నుంచీ మొత్తుకుంటే, దానికి మీ దగ్గర అర లేదు. లేదు. నా మాటకి ఈ కొంపలో అర లేదు." అక్కణ్ణించి గొంతు పెరిగింది. ఏమందో పక్క వీధి దర్జీకి కూడా తెలుసు.

చివర్న మరిది చేతిలోని సంచీ లాక్కుంది.

"వదినా, అందులో మొదటి అచ్చు..."

"తెలుసు."

కూలిన రికార్డుల కుప్ప ఎక్కి దిగి, ఎవరి కోసమూ ఆగకుండా, ఆ బరువు మోసుకుంటూ స్టేషన్‌దాకా నడిచింది. నడిచింది అనడం మర్యాదకి. రైలు కదులుతుండగా ఎక్కింది.

అక్క ఇల్లు ఖాళీగా ఉంది. ఎవరికో ఇచ్చెయ్యాల్సిన గ్రామఫోను పాటల పెట్టె ఒక్కటే నేల మీద మిగిలింది.

"స్వెట్టరు అల్లానన్నావు?" అంది అక్క.

"అల్లాను. అర కింద ఉంది."

అక్క సంచీలోకి తొంగి చూసింది. ఒక రికార్డు తీసి పెట్టె మీద పెట్టింది. గది దద్దరిల్లింది. కాసేపు ఇద్దరూ గోడకి ఆనుకుని విన్నారు.

"ఎవరే వీళ్ళు? ఇంత కోపమేమిటి?"

"ఏమో. ఏ అరో కూడా తెలీదు."

"నా తరఫున అరుస్తున్నట్టుంది," అంది అక్క. రెండో వైపు తిప్పి పెట్టింది. "నాకూ వెళ్ళాలని లేదే. పని లేకపోతే ఏం చెయ్యను?"

చెల్లెలికి ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఉదయం రేవులో సంచీ మొత్తం అక్క చేతికిచ్చింది. పాటల పెట్టె అక్కడ కొనుక్కుంటానంది అక్క.

సోమవారం ఇంటికి వచ్చేసరికి స్వెట్టరు దులిపి మడతపెట్టి ఉంది. అరలాయన చూపు మాత్రం ఆవిడ ఖాళీ చేతుల మీద ఉంది.

"సంచీ ఏదే?"

"అక్కతో వెళ్ళింది."

ఆయన స్టూలు కోసం వెతుక్కుని కూర్చున్నాడు. "మీ అక్క ఎప్పుడొస్తుంది?"

"మళ్ళీ రాదా ఏం?" అంది ఆవిడ, లోపలికి వెళ్తూ.

రేడియోలో అరలాయన చెప్పిన చరిత్ర అంతా అర కూలిన మోతలో కొట్టుకుపోయింది. స్పష్టంగా వినిపించింది ఆవిడ గొంతొకటే. అది ఏ బృందం రికార్డని నలుగురైదుగురు దుకాణానికి వచ్చి అడిగారు. అలాంటిది ఉంటే ఏ అరలో పెట్టాలని అన్నదమ్ములు ఇంకా వాదించుకుంటున్నారు.

దుకాణంలో ఒక కొత్త అర వెలిసింది. దాని మీద చీటీ: రావలసినవి. అందులో ఏమీ లేదు, నీలం స్వెట్టరు తప్ప. దాన్ని అక్కడ పెట్టింది ఆవిడ. తలుపు గంట మోగినప్పుడల్లా అరలాయన తలెత్తి, మీ అక్కేమో చూడు, అంటాడు. ఏళ్ళ తరబడి అన్నాడు.

అక్క ఆ ఆదివారం ఉదయం ఓడ ఎక్కింది, తిరిగి రాలేదు.