కేబుల్‌కి కాపలా

సముద్రం అడుగున ఉన్న కేబుల్ మీద ఈగనైనా వాలనివ్వబోమని మంత్రిగారు ప్రకటించారు. సముద్రం అడుగున ఈగలుండవని ఎవరూ గుర్తు చేయలేదు. దేశంలోని ఫోన్లు, బ్యాంకులు, ఆస్పత్రులు అన్నీ ఆ ఒక్క కేబుల్ మీదే నడుస్తున్నాయి. దాన్ని తెంపడానికి శత్రువులు కాచుకుని ఉన్నారని ఆయనకు గట్టి సమాచారం. అందుకని కేబుల్ రక్షణ దళం స్థాపించి, దానికి చైర్మన్‌గా నమ్మకస్తుడి కోసం వెతికారు. ఎక్కువ దూరం వెతకాల్సిన పని పడలేదు. సొంత బావమరిది ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

అతనికి అప్పటిదాకా ఏ వ్యాపారమూ కలిసి రాలేదు. ఈసారైనా తమ్ముడు నిలదొక్కుకోవాలని అక్కగారు పట్టుబట్టింది. అక్క పరువు నిలపాలని అతనికీ గట్టిగానే ఉంది. నీళ్లంటేనే కాస్త భయం. మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగి ఎరగడు. అయినా మర్నాడే తీరంలోని కేబుల్ స్టేషన్‌కి వెళ్లాడు.

ఉప్పుగాలికి పెచ్చులూడిన చిన్న భవనం అది. అక్కడి ఇంజినీరమ్మ నమూనా కేబుల్ ముక్కొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. తోటకు నీళ్లు పట్టే పైపంత లావు కూడా లేదు. అతను చిన్నబుచ్చుకున్నాడు. ఇంత సన్నటిదానికి చైర్మనంటే నలుగురిలో ఏం బాగుంటుంది?

"దీనికి శత్రువులెవరమ్మా?" అని అడిగాడు.

"ఎక్కువగా లంగర్లేనండి. దాని మీద పడవలేవీ ఆగకుండా చూస్తే చాలు."

అతను శ్రద్ధగా తలూపాడు. పడవలు ఆగకుండా చూడాలంటే చూసేవాళ్లు అక్కడుండాలి. వాళ్లు అక్కడుండాలంటే పడవలు కావాలి. నెల తిరక్కుండా పాతిక పడవలు వచ్చాయి.

ప్రారంభోత్సవానికి తీరాన వేదిక కట్టారు. మంత్రిగారి ప్రసంగం లైవ్‌లో వెళుతోంది. వెనకాల పడవలన్నీ కేబుల్ పొడుగునా బారులు తీరాయి. కానీ అలలకు ఒకటి ఇటూ ఒకటి అటూ జరిగిపోతూ, టీవీలో వంకరగా కనబడుతున్నాయి. మంత్రిగారు ప్రసంగం ఆపకుండానే అటు ఒకసారి చూశారు. ఆ చూపు బావమరిదికి సూదిలా గుచ్చుకుంది. పడవలు కదలకుండా ఉండాలంటే ఏం చేయాలని సరంగుని అడిగితే, అతను ఒకే ఒక్క మార్గం చెప్పాడు.

సంగతి విని ఇంజినీరమ్మ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. వద్దని చేతులు జోడించింది.

"కంగారుపడకమ్మా," అన్నాడు బావమరిది ఓదార్పుగా. "అవి శత్రువుల లంగర్లు కావు, మనవే."

పాతిక లంగర్లూ ఒక్కసారే దిగాయి. వరస గీత గీసినట్టు నిలబడింది. మంత్రిగారు ప్రసంగం ఆపి మరీ చప్పట్లు కొట్టారు. అంతలో లైవ్ ఆగిపోయింది. విలేఖరులు తమ ఫోన్లు విదిలించి, ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగి చూసుకున్నారు. ఇంజినీరమ్మ ఇసుకలో కూలబడింది.

ఒక పడవ లంగరు పైకి లాగితే, దానికి చచ్చిన పాములా కేబుల్ వేలాడుతూ వచ్చింది. అక్కకి ముఖం ఎలా చూపించాలో బావమరిదికి తోచలేదు. మంత్రిగారు మాత్రం మైకు సవరించుకున్నారు.

"నేను చెప్పానా లేదా? శత్రువు తెంపనే తెంపాడు. మన దళం నిమిషాల్లో ముక్కను స్వాధీనం చేసుకుంది."

విలేఖరులు శ్రద్ధగా రాసుకున్నారు. పంపడానికే దారి లేదు.

సాయంత్రం స్టేషన్‌లో మంత్రిగారు జనం నుంచి ఫిర్యాదులేమైనా వచ్చాయా అని వాకబు చేశారు. బావమరిది శాఖ వెబ్‌సైటూ, హెల్ప్‌లైనూ రెండూ చూశాడు.

"ఒక్కటి కూడా రాలేదు బావా."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అతని భుజం తట్టి, "రేపట్నుంచి ఊళ్లో మంచినీళ్ల పైపులు కూడా నువ్వే చూసుకో," అన్నారు.

ఇంజినీరమ్మ లోపలికి వెళ్లి, స్టేషన్‌లో ఉన్న బకెట్లన్నీ తెచ్చి, ఒక్కొక్కటే కుళాయి కింద పెట్టడం మొదలుపెట్టింది.